ఇల్లు చిన్నదైతే పిల్లలకు ఏమవుతుంది?



దసరా సెలవులకు ముందు ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కూతుర్ని పిల్లల ఓపీకి తీసుకొచ్చింది. కడుపునొప్పి. నెల రోజుల్లో రావడం ఇది మూడోసారి. మూత్రం, మలం పరీక్షల్లో ఏమీ లేదు. నులిపురుగుల మందు మొదటిసారే ఇచ్చారు. డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, "సిస్టర్, మీరు కాసేపు మాట్లాడండి" అని నాకు అప్పగించారు. బరువు చూస్తూ, "రాత్రిపూట ఎక్కడ పడుకుంటావమ్మా?" అని అడిగాను.

"ఎక్కడ జాగా ఉంటే అక్కడ" అంది.

తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మిర్చి వేసి అప్పులపాలయ్యారట. పల్లెలో ఇల్లు అమ్మేసి, వేసవిలో టౌనుకు వచ్చి ఒక గది, వంటకు చిన్న వసారా ఉన్న పోర్షన్‌లో దిగారు. ఐదుగురు మనుషులు. పిల్లలకు ఏం చెప్పారని అడిగాను. "ఏం చెప్పమంటారు సిస్టరమ్మా, పది రోజులుండి వెళ్లిపోదామని చెప్పాం" అంది. అప్పటికి నాలుగు నెలలైంది. ఆ పిల్ల తన బట్టల సంచిని ఎవర్నీ సర్దనివ్వడం లేదట. కావలసిన గౌను తీసుకుని మళ్లీ ముడి వేసి గుమ్మం పక్కనే పెడుతోందట. తిరిగి వెళ్లాలి కదా మరి!

ఇలాంటి నొప్పి నాటకం కాదు. దయచేసి పిల్లల్ని అలా అనకండి. మనసులో దిగులు పెట్టుకుని చెప్పలేని పిల్లలకు నిజంగానే పొట్టలో నొప్పి వస్తుంది, ఆకలి తగ్గుతుంది, నిద్ర చెడుతుంది. మాన్పించిన అలవాట్లు తిరిగి వస్తాయి. వేలు చీకడం, అమ్మ కొంగు వదలకపోవడం, పక్క తడపడం.

పక్క తడపడం గురించి నాకు పుస్తకాల కంటే ముందు ఇంట్లోనే తెలిసింది. మా నాన్నగారు బడిపంతులు. 1979లో ఆయన చనిపోయినప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడికి ఆరు. మూడు గదులు, ముందు వరండా, వేపచెట్టు ఉన్న క్వార్టర్స్ ఖాళీ చేసి మా అమ్మమ్మగారి ఇంట్లో ఒక పక్క గదిలోకి మారాం. గదికి ఒకే కిటికీ. అది కూడా పక్కింటి గోడ వైపు. వెళ్లిన వారం నుంచే తమ్ముడు పక్క తడపడం మొదలుపెట్టాడు. నేను తెల్లవారుజామునే లేచి బొంత తిరగేసేదాన్ని, అమ్మ చూడకుండా. ఒకరోజు చూసింది. చీపురుకట్టతో కొట్టింది. మా అమ్మ ఎన్నడూ కొట్టే మనిషి కాదు. ఆమె దుఃఖం ఆమెది. కొట్టాక తమ్ముడికి అది మరింత ఎక్కువైంది.

అమ్మమ్మ ఒక పని చేసింది. నవారు మంచం కింద సగం జాగా ఖాళీ చేసి, పాత ట్రంకు పెట్టె ఒకటి అక్కడ పెట్టి, "ఇది వీడి ఇల్లు. వీణ్ణి అడక్కుండా ఎవరూ చెయ్యి పెట్టకండి" అంది. గోలీలు, విరిగిన పలక, నాన్నగారి కళ్లజోడు డబ్బా అందులో దాచుకున్నాడు. పగలు అక్కడే దూరి పడుకునేవాడు. పక్క తడపడం వెంటనే మానలేదు, ఏడాది పట్టింది. కానీ అన్నం తినడం, మాట్లాడడం ఆ నెలలోనే మొదలుపెట్టాడు. తమ్ముణ్ణి అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఇప్పటికీ ఆ చీపురుకట్ట సంగతి ఎత్తితే మాట మార్చేస్తాడు.

చిన్న ఇంటికి మారడం మన కుటుంబాల్లో కొత్త సంగతి కాదు. 2020లో కరోనా వచ్చి పనులు పోయినప్పుడు అద్దె కట్టలేక ఎంతోమంది ఒక గదికి మారారు. సంతోషంగా మారేవాళ్లూ ఉన్నారు. 2020 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో పంచిన ఇళ్ల పట్టాలు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. అద్దె బాధ తప్పిందని తల్లిదండ్రులకు ఊరట. పిల్లలకు మాత్రం పాత వీధి, తోటి పిల్లలు, ఆడుకునే దొడ్డి పోయినట్టే. రెండూ నిజమే.

చెప్పవలసింది ముందే చెప్పండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే. పిల్లలకు అబద్ధం చెప్పి ఇల్లు మార్చకండి. నాలుగేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యే మాట ఉంటుంది: "మనకు డబ్బు తక్కువైంది, అందుకని చిన్న ఇంటికి వెళ్తున్నాం. నేను, నాన్న, మామ్మ అందరం నీతోనే ఉంటాం. ఇది నీ తప్పు వల్ల కాదు." ఆఖరి మాట తప్పకుండా చెప్పాలి. నా ఫీజు వల్లే, నా జబ్బు వల్లే ఇల్లు పోయిందని లోలోపల కుమిలిపోయే పిల్లలు ఉంటారు. ఎప్పుడు తిరిగి వెళ్తామో మీకే తెలియకపోతే తెలియదనే చెప్పండి. వీలైతే ముందొకసారి తీసుకెళ్లి కొత్త ఇల్లు చూపించండి. సామాను తగ్గించేటప్పుడు పిల్లల బొమ్మలు వాళ్లు బడికి వెళ్లిన సమయం చూసి పారేయకండి. ఏవి ఉంచుకోవాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఇల్లూ బడీ ఒకేసారి మార్చడం మరీ కష్టం. బస్సు ఛార్జీలు భరించగలిగితే ఆ ఏడాది పరీక్షలయ్యే దాకా పాత బడిలోనే ఉంచండి.

ఒక జాగా, ఒక వేళ

ఒక్క గదిలో ప్రతి బిడ్డకూ గది ఇవ్వలేం. జాగా ఇవ్వగలం. రోజూ పడుకునే చోటు మారకుండా చూడండి. చుట్టాలు వచ్చినా సరే, పిల్లల్ని అటూ ఇటూ జరపకండి. ఒక అట్టపెట్టె, గూట్లో ఒక అర, గోడకు ఒక మేకు చాలు, అది తనదే కావాలి. గోడలు లేనిచోట వేళలు పెట్టుకోవాలి. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా టీవీ కట్టేస్తే అది చదువుకునే గది అవుతుంది. తొమ్మిదికి లైటు తీసేస్తే పడకగది అవుతుంది. బడికి వెళ్లే పన్నెండేళ్లలోపు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పెద్దవాళ్లు ఫోను చూస్తూ కూర్చుంటే ఆ నిద్ర రాదు.

ఎదిగిన ఆడపిల్ల ఉంటే తాడు మీద పాత చీర కట్టి ఒక మూల తెర వేయండి. బట్టలు మార్చుకోవడానికి, ఏడవడానికి కూడా అది అవసరమే. నెలసరి గుడ్డలు మూలల్లో దాచి ఆరబెట్టనివ్వకండి, ఎండ తగలాలి. పదేళ్లు దాటిన మగపిల్లలకు, ఆడపిల్లలకు పక్కలు వేరుగా వేయండి.

అప్పుల మాటలు, తగాదాలు బయట పెట్టుకోండి. డాబా మీదో, వీధి చివరో. పిల్లలు పడుకున్నారనుకుని మనం గుసగుసలాడుకుంటాం. వాళ్లు కళ్లు మూసుకుని అంతా వింటారు. చూడటానికి వచ్చిన చుట్టాలకు కూడా ఒక మనవి. "అయ్యో, ఇంత ఇరుకులో ఎలా ఉంటున్నారే!" అని పిల్లల ముందు అనకండి. ఆ మాట అని మీరు మీ ఇంటికి వెళ్లిపోతారు.

నర్సుగా ఇంకొన్ని చెప్పాలి. స్టవ్ నేల మీద పెట్టి వండకండి. సిలిండర్ కంటే ఎత్తులో బండ మీద ఉండాలి. ఇరుకు ఇంట్లో పాకే పిల్లలకు మరిగే పప్పు, వేడి నీళ్లు పడి కాలడం చాలా చూశాం. తలుపులన్నీ మూసి దోమల కాయిల్ వెలిగించకండి, దోమతెర వాడండి. కిటికీ తెరిచి ఉంచండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. టీబీ అని తేలితే ఇంట్లోని పిల్లలందర్నీ చూపించాలి. ఒకరికి గజ్జి వస్తే డాక్టరు రాసిన మందు దురద లేనివాళ్లతో సహా అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి.

ఎప్పుడు తీసుకురావాలి? ఐదేళ్లలోపు పక్క తడపడం జబ్బు కాదు. ఆరు నెలలకు పైగా మానిన బిడ్డ మళ్లీ మొదలుపెడితే తీసుకురండి. మూత్రంలో మంట, జ్వరం ఉన్నా, దాహం ఎక్కువై బిడ్డ చిక్కిపోతున్నా ఆ రోజే రావాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగరు కావచ్చు. నిద్రలోంచి లేపే కడుపునొప్పి, వాంతులు, బరువు తగ్గడం ఉంటే దిగులు అనుకుని ఊరుకోకండి. నెల దాటినా బడికి వెళ్లనని మొండికేసినా, ఎవరితోనూ కలవకపోయినా డాక్టరుకు చూపించండి. చచ్చిపోతాననే మాట ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోకండి, బిడ్డను ఒంటరిగా వదలకండి, వెంటనే తీసుకురండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఆ ఎనిమిదేళ్ల పాప క్రిస్మస్ సెలవుల్లో మళ్లీ వచ్చింది, ఈసారి తమ్ముడి జలుబుకు. తండ్రి ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఇల్లు అమ్మేశామని చెప్పాడట. ఆ రాత్రంతా ఏడ్చిందట. తర్వాతి ఆదివారం సంచి విప్పి, బట్టలు తనే గూట్లో పెట్టుకుందట. ఇప్పుడు కిటికీ కింద పడుకుంటోంది. కడుపునొప్పి పూర్తిగా పోలేదు, సోమవారం పొద్దున ఇంకా వస్తోందట. వాళ్లమ్మ పక్కన కాసేపు కూర్చుని, జడ వేసి, బడి దాకా నడిపించుకుని వెళ్తోంది.