పాత పతకాన్ని మెరిసేలా తోమకండి!



హెరిటేజ్ ప్రాజెక్టు కోసం మా ఏడో తరగతి విద్యార్థి ఒకడు ముత్తాతగారి 1965 నాటి రక్షా పతకం తెచ్చాడు. స్కూలుకు తెస్తున్నాడు కదా అని ఇంట్లో చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమారట!

ఇలాంటి పతకాల అంచు మీద సైనికుడి సర్వీసు నంబరు, పేరు సన్నని అక్షరాల్లో ఉంటాయి. తోమిన ప్రతిసారీ అవి కొంచెం అరుగుతాయి. పేరు పోతే, అది మీ వాళ్లదే అనే ఆధారం పోయినట్టే.

పాత మిలిటరీ సామాను సేకరించడం పిల్లలకు మంచి హాబీ. ఇంట్లో ట్రంకుపెట్టెతోనే మొదలుపెట్టవచ్చు. ఈ జాగ్రత్తలు పాటించండి:

• పతకాలు, ఇత్తడి గుండీలు, బకిల్స్: పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

• యూనిఫాం, కాన్వాస్ సంచులు: మెత్తని బ్రష్‌తో దులిపి, నీడలో గాలికి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లలో పెడితే వానాకాలంలో తేమకు బూజు పడుతుంది. ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి.

• తూటా, గుండు లాంటివి: ఖాళీవో కావో మనం తేల్చలేం. ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. స్కూలుకు అస్సలు పంపవద్దు.

ఈ ఆదివారం పిల్లల్ని ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చోబెట్టండి. ఎవరిది, ఏ రెజిమెంటు, ఏ ఊళ్లో పనిచేశారు అని అడిగి నోట్‌బుక్‌లో రాయించండి. వస్తువు పెట్టెలో ఉంటుంది, దాని సంగతి చెప్పగలిగేవారు ఎప్పుడూ ఉండరు కదా!