పిల్లల గురికి తొలి ఆయుధం: రివాల్వర్ కంటే ఎయిర్ పిస్టలే మేలు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ సాధించిన రెండు కాంస్య పతకాలూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ విభాగంలో వచ్చినవే. అయినప్పటికీ పిల్లలకు లక్ష్య సాధన నేర్పించాలని తలచే పెద్దల దృష్టి తరచుగా .22 రివాల్వర్ వైపు మళ్లుతుంది. చిన్న తూటా గనుక చిన్న చేతికి తగినదన్నది వారి భావన. శ్రీ విజయపురంలోని ఫీనిక్స్ బేలో నివసించే తెలుగు కుటుంబమైనా, హైదరాబాద్ కుటుంబమైనా ఈ భావనను ముందుగా చట్టంతో సరిచూసుకోవాలి.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకీని కొనరాదు, తమ వద్ద ఉంచుకోరాదు. లక్ష్య సాధన శిక్షణ కోసం మాత్రం 12 ఏళ్లు దాటినవారికి షరతులతో కూడిన వెసులుబాటు ఉంది. తండ్రికి ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు ఉన్నంత మాత్రాన, ఆ రివాల్వర్‌ను బిడ్డ చేతికిచ్చి పెరట్లో సాధన చేయించడం కుదరదు.

చట్టాన్ని పక్కన పెట్టినా రివాల్వర్ తొలి పాఠానికి తగదు. ఈశాపూర్ రైఫిల్ కర్మాగారం తయారుచేసిన .22 రివాల్వర్ ‘నిడర్’ వంటివి దగ్గర నుంచి ఆత్మరక్షణకు ఉద్దేశించినవి. గొట్టం పొట్టిగా ఉంటే ముందు, వెనుక గురిచూపుల మధ్య దూరం తగ్గి, చేతిలోని స్వల్ప వణుకు సైతం లక్ష్యం వద్ద పెద్ద తేడాగా మారుతుంది. సుత్తిని ముందుగా వెనక్కి లాగకుండా పేల్చాలంటే ట్రిగ్గర్‌ను బలంగా నొక్కాలి. లేత వేలు ఆ ప్రయత్నంలో గురిని చెదరగొడుతుంది. పేలుడు శబ్దానికి కళ్లు మూసుకునే అలవాటు పడితే, దానిని మాన్పించడం శిక్షకులకు మహా కష్టం.

4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌తో ఈ చిక్కులు చాలావరకు ఉండవు. పోటీ నిబంధనల ప్రకారం దాని బరువు 1500 గ్రాములు మించరాదు, ట్రిగ్గర్ ఒత్తిడి 500 గ్రాములకు తగ్గరాదు. అయితే గరిష్ఠ బరువే పిల్లలకు సరిపోతుందని అనుకోరాదు. పిడి అరచేతిలో ఖాళీ లేకుండా ఇమిడిందా, చూపుడు వేలి మొదటి కణుపు సాగదీయకుండానే ట్రిగ్గర్‌ను అందుకుంటోందా, ఒంటిచేత్తో చాచి పట్టుకుంటే భుజం త్వరగా అలసిపోతోందా అన్నవి ధర కంటే ముందు చూడాలి. స్ప్రింగ్ రకాన్ని ప్రతిసారీ బిగించడం పిల్లల శక్తికి మించిన పని. సంపీడిత గాలితో పనిచేసేది సులువే గాని, సిలిండర్‌ను నింపే సౌకర్యం అందుబాటులో ఉందో లేదో కొనకముందే విచారించుకోవాలి.

హైదరాబాద్ క్రీడాకారిణి ఈషా సింగ్ తొమ్మిదేళ్ల ప్రాయంలో సాధన ప్రారంభించి, 13 ఏళ్లకే 2018లో జాతీయ సీనియర్ ఎయిర్ పిస్టల్ విజేతగా నిలిచారు. 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో ఆమెకు ఆసియా క్రీడల పతకాలు దక్కినది 2023లో, హాంగ్‌ఝౌలో.

20 జౌళ్ల శక్తికి, 4.5 మిల్లీమీటర్ల వ్యాసానికి మించని ఎయిర్ పిస్టల్‌కు 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. అంతమాత్రాన అది ఆటబొమ్మ కాదు. పెల్లెట్ కంటిని పోగొట్టగలదు. పక్షులపై గురిపెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అరుదైన పక్షులున్న అండమాన్ దీవుల్లో ఈ మాట పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. సముద్రపు ఉప్పుగాలికి లోహం త్వరగా తుప్పు పడుతుంది గనుక, సాధన ముగియగానే తుడిచి, పలుచగా నూనె రాసి, తాళం వేసిన పెట్టెలో భద్రపరచాలి. పెల్లెట్లలో సీసం ఉంటుంది, తినే ముందు చేతులు కడుక్కోవాలి.

పాఠశాలలో ఎన్‌సీసీ ఉంటే, పిస్టల్ కొనే ఖర్చుకు ముందు దానిని విచారించడం ఉచితం. క్యాడెట్లకు .22 రైఫిల్ కాల్పుల్లో శిక్షకుల పర్యవేక్షణలోనే తర్ఫీదు ఇస్తారు.