పసుపు అద్దేముందు ఆగండి

కత్తిపోటు తగిలి నెత్తురు కారుతుంటే మన ఇళ్ళల్లో ముందు చేసే పని ఏమిటి? వంటింట్లోకి పరుగెత్తి పసుపో, కాఫీపొడో తెచ్చి గాయంలో కూరడం! దానివల్ల గాయం చెడుతుందని డాక్టర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఇంకో నష్టం కూడా ఉంది. అది ఎవరో పొడిచిన గాయమైతే, అందులోని సాక్ష్యం కాస్తా పసుపులో కలిసిపోతుంది.

గాయంలో సాక్ష్యమేమిటంటారా? రెండు వస్తువులు తాకినప్పుడు ఒకదాని అంశ రెండోదానికి అంటుతుంది. ఫ్రాన్సులో లియాన్ నగరాన 1910లో నేరపరిశోధన ప్రయోగశాల నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డ్ పేరుమీద ప్రసిద్ధమైన సూత్రమిది. కత్తికి నెత్తురు అంటుతుందని అందరికీ తెలుసు. కత్తి కూడా గాయంలో ఏదో ఒకటి వదిలిపోవచ్చునని మాత్రం మనకు తోచదు. తుప్పు పొడి, రంగు పెచ్చు, గాజు నలుసు, ఎముకకు తగిలి విరిగిన మొన - ఏదైనా కావచ్చు. పక్కటెముకల చివరనుండే మెత్తని మృదులాస్థి మీద కత్తి అంచు సన్నని గీతలు కూడా పెడుతుంది. అనుమానమున్న కత్తితో అలాంటి గీతలే గీసి, రెంటినీ మైక్రోస్కోపు కింద పోల్చి చూస్తారు.

తుపాకీ సంగతి మరీ చిత్రం. చాలా రకాల తూటాల అడుగున నిప్పు పుట్టించే మందులో సీసం, బేరియం, ఆంటిమొనీ ఉంటాయి. పేలినప్పుడు ఇవి ఆవిరై, మళ్ళీ చల్లబడి గుండ్రని నలుసులవుతాయి. మిల్లీమీటరులో వెయ్యోవంతు లెక్కన కొలవాల్సినంత చిన్నవి! ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకే అందుతాయి. ఒకే నలుసులో మూడూ ఉంటే అది తుపాకీదనడానికి గట్టి ఆధారం. కరెంటు షాకు తగిలిన చోట కూడా చర్మం మీద తీగ తాలూకు రాగి జాడ దొరకవచ్చు.

ఇక్కడొక తిరకాసుంది. మన నెత్తురులోనే ఇనుముంది కదా! అందుకని ఇనుము కనబడగానే కత్తి అని తేల్చడానికి వీల్లేదు. క్రోమియం, నికెల్ తోడైతే స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చునంటారు. అదైనా ఎవరింటి కత్తో చెప్పదు. సినిమాల్లో చూపినంత సులువు కాదు సుమా!

అయితే సాక్ష్యం కన్నా ప్రాణం ముఖ్యం. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కత్తి గుచ్చుకునే ఉంటే పెరకవద్దు, దాని చుట్టూ అదమండి. నెత్తురుకు అదే అడ్డుకట్ట కావచ్చు. కూర తరుగుతూ తెగిన వేలిని మాత్రం కుళాయి నీటితో కడగవలసిందే. కుక్కకాటునైతే సబ్బుతో పావుగంట కడగాలి. ఈ రెంటికీ పైమాట వర్తించదు.

"ముందు పోలీసుల దగ్గరికి వెళ్ళిరండి" అని ఆస్పత్రిలో అంటే ఊరుకోకండి. చికిత్స ముందు, పోలీసు తతంగం తరువాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు డాక్టర్లకూ అంతే. గాయం ఎలా తగిలిందో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇక బట్టలు. నెత్తురు చూడలేక వెంటనే ఉతికేస్తారు, లేదా పారేస్తారు. వద్దు. కత్తిరించి తీయవలసివస్తే చిరుగు మీదుగా కాకుండా పక్కనుంచి కత్తిరించాలి. తడిగా ఉంటే నీడన ఆరనిచ్చి, దేనికది విడిగా కాగితపు సంచిలో పెట్టి పోలీసులకివ్వండి. పాలిథిన్ సంచిలో కుక్కితే బూజు పట్టి పాడవుతాయి.