కిక్‌ ఆగిన చోట గొంతు మొదలు

గ్రూప్స్‌కి చదువుతూనో, కోడింగ్‌ ప్రాక్టీస్‌ చేస్తూనో యూట్యూబ్‌లో రెండు గంటల ‘ట్రాన్స్‌ మిక్స్‌’ పెట్టుకునే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మాటలు తక్కువ, తాళం ఒకేలా సాగుతుంది, చదువుకు అడ్డు రాదు. కానీ మీకు కాస్తో కూస్తో పాడటం వస్తే ఈసారి పుస్తకం పక్కన పెట్టి వినండి. నడుస్తున్న డ్రమ్స్‌ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, ఒంటరిగా ఒక గొంతు వినిపించే చోటు వస్తుంది. ఆ గొంతు ఎవరిది? ఆ మాటలు, ఆ ట్యూన్‌ ఎవరు కట్టారు? దాని మీద వచ్చే డబ్బు ఎవరికి పోతుంది? గాయని కావాలనుకునే వారికి మొదటి ప్రశ్న కంటే మిగతా రెండే ముఖ్యం.

ముందు అసలు సంగతి. ట్రాన్స్‌ 1990ల మొదట్లో జర్మనీలో, ముఖ్యంగా ఫ్రాంక్‌ఫర్ట్‌ క్లబ్బుల్లో రూపు దిద్దుకుంది. టెక్నో నుంచి ఆగకుండా కొట్టే కిక్‌ డ్రమ్‌ తీసుకుని, దాని మీద పొడవాటి మెలోడీని పరిచారు. ‘ది ఏజ్‌ ఆఫ్‌ లవ్‌’ ట్రాక్‌కి జామ్‌ అండ్‌ స్పూన్‌ 1992లో చేసిన రీమిక్స్‌ తొలినాటి మైలురాయి. 1995లో రాబర్ట్‌ మైల్స్‌ ‘చిల్డ్రన్‌’ పియానో ట్యూన్‌తో యూరప్‌ అంతా మోగింది. తర్వాత బాధ్యత నెదర్లాండ్స్‌, బ్రిటన్‌ తీసుకున్నాయి. టియెస్టో, ఆర్మిన్‌ వాన్‌ బ్యూరెన్‌ డచ్‌ వాళ్లే. ఆర్మిన్‌ లైడెన్‌ యూనివర్సిటీలో లా చదువుతూనే డీజేగా ఎదిగాడు, డిగ్రీ మాత్రం వదల్లేదు. గోవా ట్రాన్స్‌ సంగతి వేరు. అంజునా బీచ్‌ పార్టీల్లో పుట్టిన ఆ శాఖలో పాట తక్కువ, మాట ముక్కలు ఎక్కువ. అయితే వోకల్‌ ట్రాన్స్‌లో పెద్ద పేరైన లండన్‌ బృందం ‘అబవ్‌ అండ్‌ బియాండ్‌’ తన లేబుల్‌కి పెట్టుకున్న అంజునాబీట్స్‌ అనే పేరు ఆ బీచ్‌దే.

లెక్క తెలిస్తే సగం వచ్చినట్టే

ట్రాన్స్‌ వేగం సాధారణంగా నిమిషానికి 130 నుంచి 140 బీట్లు. 138 తీసుకుందాం. ట్యూన్‌ 32 బీట్ల దిమ్మెలుగా మారుతూ ఉంటుంది. అంటే దాదాపు 14 సెకన్లకోసారి ఏదో ఒకటి వచ్చి చేరుతుంది, లేదా తప్పుకుంటుంది. క్లబ్‌ కోసం చేసే ఎక్స్‌టెండెడ్‌ మిక్స్‌ ఆరేడు నిమిషాలుంటుంది. మొదట్లో చాలాసేపు డ్రమ్సే ఎందుకుంటాయంటే, ముందు నడుస్తున్న పాటలోకి దీన్ని కలపడానికి డీజేకి చోటు కావాలి. నడిమధ్యలో కిక్‌ ఆగిపోతుంది. దాన్నే బ్రేక్‌డౌన్‌ అంటారు. గొంతుకి అసలు రాజ్యం అక్కడే. తర్వాత స్నేర్‌ దడదడలాడుతూ ఉద్వేగం పెరిగి, కిక్‌ మళ్లీ వచ్చి పడుతుంది. అప్పుడు చాలా పాటల్లో గొంతు పాడిన ట్యూన్‌నే సింథసైజర్‌ అందుకుంటుంది. ఒకే స్వరాన్ని ఏడు గొంతులు కొద్దికొద్ది తేడాతో పలికినట్టుండే ఆ మోత పేరు సూపర్‌సా. రోలండ్‌ జేపీ-8000 అనే కీబోర్డుతో 1990ల రెండో భాగంలో అది ట్రాన్స్‌కి గుర్తింపు చిహ్నమైపోయింది.

ఇప్పుడు గొంతు గురించి. వోకల్‌ ట్రాన్స్‌లో ఎక్కువగా వినిపించేది ఆడగొంతు. మెత్తగా, ఊపిరి కలిసినట్టు, తేలికగా ఉంటుంది. చరణం కింది స్థాయిలో దాదాపు మాట్లాడినట్టు మొదలై, పల్లవిలో పైకి వెళ్లి పొడవాటి అచ్చుల మీద నిలబడుతుంది. ఆకాశం, సముద్రం, వెలుగు, వదిలి వెళ్లిన మనిషి... సాహిత్యం చాలావరకు వీటి చుట్టే. నిజం చెప్పాలంటే అందులో కవిత్వం వెతికితే నిరాశే. మాట కంటే అది నిలబడే తీరుకే విలువ. షికేన్‌ ‘సాల్ట్‌వాటర్‌’ (1999)లో మోయా బ్రెన్నన్‌ ఐరిష్‌ భాషలో పాడింది. అర్థం తెలియని లక్షలమంది దాన్ని గుండెకు హత్తుకున్నారు. ‘మన ఇంగ్లిష్‌ యాస బాగోదేమో’ అని వెనకాడేవాళ్లు ముందు ఈ పాట వినాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు అసలు ఇబ్బంది ఇంకోచోట వస్తుంది. మనకి స్వరాన్ని ఊపకుండా పట్టుకోవడం రాదు, గమకం దానంతటదే వచ్చేస్తుంది. ట్రాన్స్‌లో ఒకే లైన్‌ని రెండు మూడుసార్లు పాడి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పేరుస్తారు. మూడింటిలో గమకం మూడు రకాలుగా ఉంటే పేర్చినప్పుడు అంతా చెదిరిపోతుంది. పైగా గొంతుకి బోలెడంత రివర్బ్‌, డిలే కలుపుతారు. ఆ ప్రతిధ్వనిలో చిన్న ఊపులు మసకబారతాయి. ‘స’ లాంటి శబ్దాలు మాత్రం బుసకొట్టినట్టు పదేపదే వినిపిస్తాయి. అందుకే అనుభవమున్న గాయనులు రెండో టేక్‌లో పదం చివరి ‘ట్‌’, ‘స్‌’లను దాదాపు మింగేస్తారు. శ్రుతి పెట్టుకుని ఒక్క ‘ఆ’కారాన్ని పది సెకన్లు కదలకుండా నిలబెట్టి చూడండి. వర్ణం పాడటం కంటే కష్టమనిపిస్తే ఆశ్చర్యపోకండి.

పాట ఎవరిది?

సినిమా పాటలో సంగీత దర్శకుడు ట్యూన్‌ ఇస్తాడు, కవి మాట ఇస్తాడు, గాయని పాడుతుంది. వోకల్‌ ట్రాన్స్‌లో చాలాసార్లు అలా కాదు. ప్రొడ్యూసర్‌ వాద్యాల ట్రాక్‌ మాత్రమే పంపుతాడు. దాని మీద మాటలూ ట్యూనూ గాయనే కట్టి, పాడి తిరిగి పంపుతుంది. దీన్ని టాప్‌లైన్‌ అంటారు. అంటే ఆమె గొంతు ఒక్కటే కాదు, పాటకి సహ రచయిత కూడా. ‘యాజ్‌ ద రష్‌ కమ్స్‌’ (2003)తో పేరొచ్చిన జెస్‌ తర్వాత సొంత ఆల్బమ్‌లతో నిలబడింది. జస్టిన్‌ స్విసా అయితే అబవ్‌ అండ్‌ బియాండ్‌ ముగ్గురితో కలిసి ‘ఓషన్‌ల్యాబ్‌’లో నాలుగో సభ్యురాలైంది.

అందరికీ ఇలా జరగలేదు. ట్రాన్స్‌కి కాస్త ముందు, 1990లో వచ్చిన ‘గాన్నా మేక్‌ యూ స్వెట్‌’ డాన్స్‌ పాటలో పల్లవి పాడింది మార్తా వాష్‌. వీడియోలో పెదాలు కదిపింది వేరే అమ్మాయి. మార్తా కోర్టుకెక్కాక గానీ ఆ గొంతు ఆమెదని వీడియోలో పేరు పడలేదు. ఈరోజు ట్రాక్‌ పేరు పక్కన ‘ఫీచరింగ్‌’ అని కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. తర్వాతి పని తెచ్చిపెట్టేది ఆ ఒక్క మాటే.

మన దగ్గర 2012 కాపీరైట్‌ సవరణ ఈ విషయంలో గట్టి ఆసరా. పాట రాసినవారు, ట్యూన్‌ కట్టినవారు తమ రాయల్టీ వాటాను నిర్మాతకో లేబుల్‌కో రాసిచ్చేసినా చెల్లదు. పాడినవారికి కూడా రాయల్టీ హక్కు ఉంది. రచయితలు, స్వరకర్తల తరఫున వసూలు చేసేది ఐపీఆర్‌ఎస్‌. గాయకులకు 2013లో మొదలైన సంఘం ఉంది, ఇప్పటి పేరు ఇసామ్రా. టాప్‌లైన్‌ రాసి పాడితే మీకు రెండు వైపులా సంబంధం ఉంటుందన్నమాట.

ఇది నెలజీతం వచ్చే ఉద్యోగం కాదు, ఆ భ్రమ వద్దు. చదువు, ఇంటర్వ్యూల పక్కన నడిపే ఫ్రీలాన్స్‌ పని. మొదలుపెట్టడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది, ఓ మోస్తరు కండెన్సర్‌ మైక్‌, ఆడియో ఇంటర్‌ఫేస్‌, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌ చాలు. హెడ్‌ఫోన్స్‌ సరిగా లేకపోతే కిక్‌ శబ్దం మైక్‌లోకి కారిపోతుంది. ఆ టేక్‌ ఇక పనికిరాదు. మైక్‌కి జానెడు దూరంలో పాడండి. రివర్బ్‌ కలపకుండా, పొడిగా పంపండి, రంగులద్దడం ప్రొడ్యూసర్‌ పని. ఫైల్‌ ఎంపీ3 కాదు, 24 బిట్‌ వేవ్‌. మెయిన్‌ లైన్‌, డబుల్స్‌, హార్మనీలు విడివిడి ఫైళ్లుగా, అన్నీ ట్రాక్‌ మొదటి బీట్‌ నుంచే మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్‌ చేయాలి. ఫైల్‌ పేరులోనే బీపీఎం, శ్రుతి రాసేయండి. ఇంత పద్ధతిగా పంపేవాళ్లని ప్రొడ్యూసర్లు మర్చిపోరు.

పంపే ముందు ఒక మెయిల్‌ తప్పనిసరి. మాటలు, ట్యూన్‌ ఎవరివి, రచనలో ఎవరి వాటా ఎంత శాతం, పేరు ట్రాక్‌ మీద ఎలా పడాలి, పాడినందుకు ముందుగా ఎంత ఇస్తారు, పాట విడుదల కాకపోతే ఆ గొంతుని ఇంకో పాటలో వాడొచ్చా లేదా... ఈ అయిదింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఫైళ్ల లింక్‌ తెరవండి.