ఇంటి కంప్యూటరుకు ఒక నకలు

ఇంటి లెక్కలు, పిల్లల చదువు కాగితాలు, పెళ్లి ఫొటోలు ఇప్పుడు చాలా ఇళ్లలో కంప్యూటరులోనే ఉంటున్నాయి. అందులోని డిస్కు ఒకనాడు చెప్పాపెట్టకుండా ఆగిపోతే? బీరువా తాళంచెవి పోతే మరొకటి చేయించుకుంటాం. పోయిన ఫొటో తిరిగి రాదు కదా! మీ కంప్యూటరులో లినక్సు ఉంటే, దాన్ని మరో డిస్కుకు ఎలా ఎత్తుకోవాలో చూద్దాం.

లినక్సును 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దీనికి నకలు తీసుకోవడం తప్పు కాదు, మన హక్కు.

అయితే ఉత్త నకలు చాలదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి రాశులు చూసే ఉంటారు. ఏ రాశి ఏ రైతుదో తెలియకపోతే పత్తి ఉండీ ఏం లాభం? లినక్సులోనూ ప్రతి ఫైలుకూ యజమాని ఎవరు, ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న గుర్తులుంటాయి. అవి చెదిరితే కొత్త డిస్కు మీద సిస్టం సరిగా నడవదు.

ఈ గుర్తులు చెదరకుండా మోసుకుపోయేది 1996లో వచ్చిన 'ఆర్‌సింక్'. దాన్ని 'సుడో'తో, చిన్న 'ఏ' గుర్తు తగిలించి నడపాలి. రెండోసారి నడిపితే కొత్తవాటినీ, మారినవాటినీ మాత్రమే తీసుకుపోతుంది. వేరే కంప్యూటరుకైనా ఇదే పంపుతుంది.

ముందుగా కొత్త డిస్కును ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాటు చేయాలి. పెన్‌డ్రైవుల్లో మామూలుగా ఉండే ఫ్యాట్ పద్ధతి ఆ గుర్తులను దాచుకోదు. ఫార్మాటు చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది. ఏ డిస్కో రెండుసార్లు చూసుకోండమ్మా!

ఉడుకుతున్న కుండను మరో కుండలోకి వంపం కదా. అలాగే నడుస్తున్న సిస్టాన్ని ఎత్తకుండా, లినక్సు పెన్‌డ్రైవుతో కంప్యూటరు తెరిచి ఈ పని చేయడం మేలు. ముందు పాత డిస్కు పేరు, తర్వాత కొత్తదాని పేరు రాయాలి. పాతదాని పేరు చివర ఏటవాలు గీత పెడితే సంచిలోని బియ్యం మాత్రమే వెళుతుంది. పెట్టకపోతే సంచితో సహా వెళుతుంది. మొదట చిన్న 'ఎన్' గుర్తుతో నడిపితే, ఏమేం కదులుతాయో చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు.

తర్వాత 'ఎఫ్‌ఎస్‌ట్యాబ్' ఫైలులో కొత్త డిస్కు గుర్తింపు సంఖ్య రాసి, 'గ్రబ్'ను మళ్లీ ఎక్కించాలి. లేకపోతే కొత్త డిస్కుతో కంప్యూటరు తెరుచుకోదు. ఇంత ఓపిక లేనివారు 'హోమ్' ఫోల్డరునైనా నకలు తీసుకోండి. మన సొంత ఫైళ్లు సాధారణంగా ఉండేది అందులోనే.

పని అయ్యాక నాలుగు ఫొటోలు తెరిచి చూడండి. ఆ డిస్కును మాత్రం అదే బీరువాలో పెట్టకండి. మీరు ఆదోనిలో ఉంటే ఎమ్మిగనూరులోని అక్క ఇంట్లో దాచండి. ఒక ఇంట దొంగలు పడ్డా, రెండో ఇంట మీ జ్ఞాపకాలు భద్రంగా ఉంటాయి.