నీరున్న చోటే పులి మాటు

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి నల్లమలలో చెట్లు ఆకు రాల్చేస్తాయి. దట్టమైన అడవి చూస్తుండగానే బోడి అవుతుంది. అక్కడినుంచి తొలకరి వరకు దుప్పికి గండం, పులికి పండగ.

ఆకు రాలితే దుప్పికి కొంత మేలు లేకపోలేదు. దూరాన కదిలే మృగం కంటబడుతుంది. ఎండుటాకు మీద అడుగు పడితే చప్పుడవుతుంది. కాని దాహం ముందు ఆ మేలు నిలవదు. వాగులు ఎండి, అక్కడక్కడ మడుగులు, చెలమలే మిగులుతాయి. దుప్పులు, కణుతులు, అడవిపందులు, చెట్ల మీది కొండముచ్చులు సైతం అక్కడికే రావాలి. పులి వెతుక్కుంటూ తిరగనక్కరలేదు. మడుగు పక్క పొదలో కూర్చుంటే చాలు. చిరుతలు, రేచుకుక్కలు కూడా అటే చేరతాయి.

వాన పడితే...

తొలకరితో లెక్క మారిపోతుంది. ఎటు చూసినా నీరు, లేత గడ్డి. మందలు చెదిరి అడవంతా పరుచుకుంటాయి. పులి మైళ్లకొద్దీ తిరిగితేగాని వేట దొరకదు. ఏపుగా పెరిగిన గడ్డి దుప్పి పిల్లకు దాపు. అయితే పులికీ అదే దాపు. తడి ఆకు మీద దాని అడుగు వినబడదు.

ఊళ్లకు ముప్పు

1983లో ఈ అడవిని ప్రాజెక్టు టైగర్ కింద చేర్చారు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణలో ఉంది. రెండు వైపులా వేసవిలో అటవీ శాఖ తొట్లు కట్టి ట్యాంకర్లతో నీరు పోస్తోంది. ఆ నీరు చాలకపోయినా, గడ్డి కాలిపోయినా దుప్పులు, పందులు ఆత్మకూరు, దోర్నాల వైపు చేలలోకి దిగుతాయి. వాటి వెనకే చిరుత వస్తుంది. దుప్పి దొరకనప్పుడు దాని కన్ను ఊరి మేకల మీద పడుతుంది.

ఇప్పపూలు ఏరుకోవడం సులువవుతుందని, కొత్త గడ్డి మొలుస్తుందని కొందరు అడవికి నిప్పు పెడతారు. ఆ నిప్పు దుప్పి మేతను కాల్చి, చిరుతను ఊరికి తోలుతుంది. పశువు పోయిందన్న కోపంతో కళేబరానికి విషం పూయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కళేబరాన్ని కదపకుండా అటవీ సిబ్బందికి కబురు చేస్తే పరిహారం కోరవచ్చు.

ఎండాకాలంలో అడవి మడుగుల దగ్గర పశువులను ఒంటరిగా వదలకూడదు. పొద్దువాలకముందే దొడ్డికి తోలుకురావాలి. ఆ వేళకు మడుగు దగ్గర పులి మాటు వేసి ఉంటుంది.