వచ్చే నెలకు ఏ నవల?

జ్వరం తగ్గిన మనిషికి మొదటిరోజునే బొబ్బట్లు వడ్డించే ఇల్లాలు తెలుగుదేశంలో ఉండదు. ముందు గంజి, తరువాత చారన్నం, ఆ తరువాత బీరకాయ కూర. నాలుక దారికి వచ్చిన తరువాతనే పిండివంటలు. ఒంటి సంగతి ఇంత తెలిసిన మనం బుద్ధి విషయంలో మాత్రం ఈ మర్యాద పాటించం. నెలల తరబడి పుస్తకం ముట్టని మనిషి ఒకనాడు పౌరుషం తెచ్చుకుని, బీరువాలో ఉన్నవాటిలోకల్లా లావుపాటి నవలను కిందికి దించుతాడు. నలభయ్యో పుట దగ్గర నిద్రపోతాడు. మర్నాడు లేచి, “ఇక నాకు చదువు పట్టదు” అని తీర్మానించేస్తాడు. అది చదువు లోపం కాదు, పథ్యం లోపం.

ఈ అరుచి నాకూ పట్టింది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాడికి నవల సయించకపోవడమా అని నవ్వకండి. మిఠాయి కొట్టువాడు ఇంటికి వెళ్ళి లడ్డు తింటాడా? దసరా సెలవుల్లో లెక్క చూసుకుంటే, అయిదు నెలలుగా ఒక్క నవల కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదని తేలింది. రాబోయేది కార్తీకం. ఆ నెలలో ఏవి చదవాలి, ముఖ్యంగా ఏవి చదవకూడదు అని తర్జనభర్జన చేసి ఒక జాబితా వేసుకున్నాను. ఇదే జబ్బుతో ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి గనుక, ఆ జాబితానూ దాని వెనుక ఆలోచననూ చదువరుల ముందు పెడుతున్నాను.

అరుచి ఎందుకు పుడుతుంది?

మొదటి కారణం పని కోసం చదవడం. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ తీసుకోండి. దయానిధి ఏం వెతుక్కున్నాడో అతనితోపాటు మనమూ వెతుక్కుంటేగాని ఆ నవల మనది కాదు. తరగతిలోకి వచ్చేసరికి అది “దయానిధి పాత్రచిత్రణను వివరింపుము” అయిపోతుంది. నవల తెరవకుండానే రెండు పుటల జవాబు రాయగల విద్యార్థులున్నారు. ‘నర్సీపట్నం రోడ్’ అని మా ఊరి పేరు పెట్టుకున్న రైల్వే స్టేషను ఒకటి ఉంది. పేరు చూసి దిగిన కొత్తవాడు ఊరెక్కడా అని నాలుగు దిక్కులూ చూస్తాడు. ఊరు చేరాలంటే మళ్ళీ రోడ్డెక్కవలసిందే. గైడు చదివి నవల తెలుసుననుకోవడం ఆ స్టేషనులో దిగి నర్సీపట్నం చూశామనుకోవడమే. చెప్పేవాడైనా, రాసేవాడైనా ప్రశ్నల కోసమే నవల తిరగేస్తూ పోతే కొన్నాళ్ళకు రుచి చావక మానదు.

రెండవ కారణం ఎవరూ అనుమానించనిది. దాని పేరు చత్వారం. నలభై దాటేసరికి కంటిలోపలి కటకం బిరుసెక్కి, దగ్గరి అక్షరాల మీద చూపు నిలపడం కష్టమవుతుంది. పాత నవలల అచ్చు సన్నం, కాగితం పసుపు. పది పుటలకే కణతలు లాగుతాయి. మనం మాత్రం “మనస్సు నిలవడం లేదండీ” అంటాం. నిలవనిది చూపు, నింద మనస్సుకు. నా వయస్సువారు నవల మార్చేముందు ఒక మారు కళ్ళు చూపించుకోవడం మంచిది. కొత్త కళ్ళజోడు వచ్చిన వారంలోనే నాకు సగం అరుచి తీరింది.

మూడవది చేతిలోని ఫోను. దాని సంగతి అందరికీ తెలిసిందే గనుక పెంచను. నిమిషానికొక రుచి మారే చిరుతిండికి అలవాటుపడ్డ నాలుక విస్తరి ముందు కుదురుగా కూర్చోదు.

పోనిద్దురూ, నవల చదవకపోతే కొంప మునిగిందా అనవచ్చు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న ఎవరో ముందుగది బీరువా చూసి పుస్తకాలు ఎవరివని అడిగితే, “తాతయ్యగారివండీ” అని చెప్పింది. వాటిలో సగం నావి. తాతయ్యగారు చదువుతూ కూర్చోవడం ఆ పిల్ల చూసింది. నేను చదవడం చూసి చాలా కాలమైంది. ఇంట్లో పుస్తకం ఉండడం వేరు, పుస్తకం తెరిచిన మనిషి ఉండడం వేరు. పిల్లలు రెండోదాన్ని చూసే నేర్చుకుంటారు. బడిలో చదువంతా ఇంగ్లీషులో సాగే పిల్లకు తెలుగు వాక్యం ఎంత దూరం నడవగలదో తెలియాలంటే ఇల్లే దిక్కు. మనం చదవడం మానితే మన తరువాత ఆ బీరువా తలుపు తీసేవారుండరు.

కార్తీకపురాణం కొలత

మా అమ్మమ్మ తరం వారికి చదువు మీద అరుచి అన్న మాట తెలియదు. కార్తీకపురాణం ముప్పయి అధ్యాయాలు. పాడ్యమి నుంచి అమావాస్య దాకా రోజుకొకటి. స్నానం, దీపం అయిన తరువాత ఒకరు చదివితే నలుగురు వినేవారు. అధ్యాయం కాగానే ఎంత ఆత్రం ఉన్నా పుస్తకం మూసి కళ్ళకద్దుకునేవారు. ఒంట్లో బాగులేని రోజునా చదివేవారు, ఉత్సాహం ఉప్పొంగిన రోజునా మితిమీరేవారు కారు. ఆ నియమంలోనే కిటుకంతా ఉంది.

చూడబోతే తెలుగు నవల కూడా ఆ కొలతతోనే మన ఇళ్ళకు వచ్చింది. కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా వెలువడింది. విశ్వనాథ వారి ‘ఏకవీర’ ‘భారతి’లోనూ, ‘చివరకు మిగిలేది’ 1946–47లో ‘నవోదయ’లోనూ, రంగనాయకమ్మ గారి ‘బలిపీఠం’ 1962లో ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలోనూ అల్లాగే వచ్చాయి. 1924లో పుట్టిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. కాని “తరువాయి వచ్చేవారం” అనే మాట నేర్పిన ఓపిక ఈ పత్రికలో సీరియల్ చదివే ప్రతివారికీ ఈనాటికీ ఉంది. ఆ ఓపికనే విడి పుస్తకానికి వాడుకోవాలి.

నేను వేసిన లెక్క ఇది. రోజుకు పదిహేను పుటలు, అంటే తాపీగా చదివినా అరగంట. ముప్పయి రోజులకు 450 పుటలు. మూడు చిన్న నవలలకు ఇది సరిపోతుంది. అంతకంటె ఆశపడితే మళ్ళీ జ్వరం తిరగబెడుతుంది.

పక్కన పెట్టినవి

జాబితా వేయడంలో కష్టం ఎంచుకోవడం కాదు, వదులుకోవడం. ‘వేయిపడగలు’ను మళ్ళీ చదవాలని ఎప్పటినుంచో ఉంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో బహుమతి పంచుకున్న నవల అది. విశ్వనాథ వారు ఆశువుగా చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు 29 రోజుల్లో రాసి ముగించారని ప్రసిద్ధి. వారికి చెప్పడానికి నెల పట్టలేదు. నాకు చదవడానికి నెల చాలదు. వెయ్యి పుటల దరిదాపు ఉండే ఆ గ్రంథం పండుగ భోజనం, పథ్యం కాదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’నీ అల్లాగే ఆపాను. రాయవేలూరు జైలులో రాసిన ఆ నవల 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే అల్లూరి సీతారామరాజు మాకు దగ్గరలోని చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్ల మీదికి వెళ్ళాడు. మా ప్రాంతం వారు తప్పక చదవవలసిన పుస్తకమే. కాని ఒక ఊరు ఊరంతా నడిచే కథ అది. అరుచిలో ఉన్న మనస్సు ఇరవై మంది పేర్లు మోయలేదు.

ఎంచుకున్నవి

మొదటి నవలకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: మనుషులు తక్కువ ఉండాలి, కథ ఒక్కచోట నిలవాలి. ఆ లెక్కన కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ముందు నిలిచింది. పందులు కాచుకునే ఒక ముసలివాడు, ఈనడానికి అడవిలోకి వెళ్ళిపోయిన అతని పంది, ఒక్క రాత్రి. అంతే కథ. కేశవరెడ్డి గారిది చిత్తూరు జిల్లా, వృత్తి వైద్యం. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశారు; 2015లో కన్నుమూశారు. చీకట్లో ఆకు కదిలితే మనమూ ఊపిరి బిగబట్టేటట్టు రాశారు. ఈ ఒక్క నవలకు పదిహేను పుటల నియమం సడలించుకున్నా తప్పులేదు. మొదటి పుస్తకం త్వరగా ముగిస్తే, చివరి పుట చూశామన్న ధైర్యం రెండోదానికి పెట్టుబడి అవుతుంది.

రెండవది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’. 1924 నాటి మొదటి భాగం మాత్రమే. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, మద్రాసులో దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కుని, అదే దొరల వేషమనుకుని ఓడ ఎక్కిన కథ. దీన్ని ఎవరికి వారు చదువుకోకూడదు. ఒకరు చదివితే అందరూ వినాలి. రోజుకొకరి వంతు. నా వంతు కానినాడు నా కళ్ళకు విశ్రాంతి. మా అమ్మాయికి తెలుగు వాక్యం నోరు తిరుగుతుంది. నవ్వు వచ్చినచోట ఆగి, అందరూ నవ్వడం అయిన తరువాత అందుకోవడంలో ఉన్న సుఖం వేరు.

మూడవది రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి ‘అల్పజీవి’. 1922 జులై 30న, అంటే మన్యంలో తిరుగుబాటు రాజుకోవడానికి మూడు వారాల ముందు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వకీలుగా స్థిరపడిన రచయిత. నవలలోని సుబ్బయ్య ఒక గుమాస్తా. పై అధికారి అంటే భయం, బావమరిది అంటే భయం, తన నీడంటే కూడా భయమేనేమో. జరిగేదానికంటె సుబ్బయ్య బుర్రలో తిరిగేదే ఎక్కువ. అందుచేత దీన్ని మొదట పెట్టలేదు. రెండు పుస్తకాలతో నాలుక తేరుకున్న తరువాత అయితే ఆ ఆలోచనల సుడిలోకి దిగగలం. ఉద్యోగస్థుల ఇళ్ళలో సుబ్బయ్య వంటివాడిని చూడనివారుండరు. అద్దంలో చూసినవారూ ఉంటారు.

ఈ జాబితా చదివి వినిపిస్తే మా ఆవిడ, “ఏమండీ, అన్నీ మీ పాఠాల మేష్టరుగిరీ పుస్తకాలేనా? నా తరఫున ఒకటి వెయ్యండి” అంది. ఆమె కోరింది యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో వచ్చిన నవల. ఇల్లాంటివాటిని చూసి మా శాఖలో పెదవి విరిచేవారు లేకపోలేదు. కాని వంటింటి పని ముగించుకుని అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న నవలతో కూర్చునే లక్షల మంది స్త్రీలను పాఠకులుగా చేసినవారిలో యద్దనపూడి గారిది పెద్దపీట. జయంతి, రాజశేఖరం ఒకరితో ఒకరు పంతానికి పోతూ ఉంటే పుట తిప్పకుండా ఉండడం కష్టం. పుట తిప్పించే గుణం అరుచికి అన్నిటికంటె మంచి మందు. అందుచేత ‘సెక్రటరీ’ని నాలుగవదిగా, మూడింటిలో ఏది పట్టకపోయినా దాని స్థానంలోకి వచ్చేటట్టు చేర్చాను.

మనం ముందే చెల్లించిన డబ్బు

ఇవన్నీ కొనాలా అన్న ప్రశ్న రావడం సహజం. ముందు గ్రంథాలయంలో అడగండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. గ్రంథాలయం గడప తొక్కకపోతే డబ్బిచ్చి సరుకు అంగట్లోనే వదిలి వచ్చినట్టే. 1935లో పాతూరి నాగభూషణం గారు బోటులో పుస్తకాలు వేసుకుని కృష్ణా కాలువ వెంట ఊరూరా తిప్పారు. పుస్తకమే పాఠకుడి ఇంటికి వచ్చిన ఆ కాలంతో పోలిస్తే, మనం నాలుగు వీధులు నడవడం పెద్ద శ్రమ కాదు.

ఇక నియమాలు మూడే. కథ బాగా పాకాన పడ్డచోట ఆపాలి, విసుగు పుట్టినచోట కాదు. అప్పుడే మర్నాడు చెయ్యి దానంతటదే పుస్తకం మీదికి వెళుతుంది. నలభై పుటలు చదివినా పట్టని నవలను గౌరవంగా పక్కన పెట్టవచ్చు. పుస్తకం అలగదు, మరోసారి వచ్చినా పలకరిస్తుంది. చదివే అరగంటా ఫోను పక్కగదిలో ఉండాలి.

కార్తీకంలో మా ఊళ్ళో పొద్దు త్వరగా వాలుతుంది. లంబసింగి చలి చూడబోయేవారి కార్లు తెల్లవారుజామున మా వీధుల మీదుగానే కొండెక్కుతాయి. సాయంత్రం ఆరు దాటితే బయట పని ఉండదు, పొడుగాటి రాత్రి ముందుంటుంది. నెల గడిచి నాలుక దారికి వస్తే సంక్రాంతి సెలవులకు ‘మాలపల్లి’, ఎండాకాలానికి ‘వేయిపడగలు’. మీ జాబితాలో నా పుస్తకాలే ఉండనక్కరలేదు. మీ ఇంటి క్యాలెండరులో వచ్చే నెల కాగితం మీద మూడు సన్నపాటి నవలల పేర్లు రాయండి. నాలుగో పేరు రాయడానికి కలం ఇంట్లో మరొకరి చేతికివ్వండి.